తిరగబడితే ఎటు పోతావు?

వాదించుకున్నది మా ఆవిడా, ఆవిడ మేనమామా. ఆయన అంతర్వేది పల్లిపాలెం రేవులో ఇంజన్ బోటుకి సరంగుగా పనిచేసి, మోకాళ్లు మొరాయించాక ఒడ్డెక్కిన మనిషి. ఈవిడకి సియాటిల్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా కంప్యూటరు, శనివారం వస్తే సీ కాయకింగ్ పాఠాలు. మధ్యలో నేను. నాకు ఈత రాదు, టీ పెట్టడం వచ్చు.

ఆ రోజు ముగ్గురం డిసెప్షన్ పాస్ వంతెన మీద నిలబడి కిందకి చూశాం. వాషింగ్టన్ రాష్ట్రంలో విడ్‌బీ, ఫిడాల్గో అనే రెండు దీవుల మధ్య ఉన్న సన్నటి సందు అది. పడమట హువాన్ డి ఫూకా జలసంధి, తూర్పున స్కాజిట్ అఖాతం. 1792లో జార్జ్ వాంకూవర్ విడ్‌బీని ద్వీపకల్పం అనుకున్నాడు, తరవాతే ఈ సందు బయటపడింది. 1935లో కట్టిన వంతెన నీటికి దాదాపు 55 మీటర్ల ఎత్తున ఉంటుంది. పోటు విడ్‌బీని చుట్టి అవతలి పక్కకి చేరేసరికి ఆలస్యం అవుతుంది. అందుకని సందుకి అటూ ఇటూ నీటి మట్టం ఒకటిగా ఉండదు. ఆ తేడా అంతా ఈ ఇరుకులోంచే సర్దుకోవాలి. నీరు రోజుకి సుమారు నాలుగుసార్లు దిశ మార్చుకుంటుంది, ఉద్ధృతి మీద ఉన్నప్పుడు ఎనిమిది నాట్లు, అంటే గంటకి 15 కిలోమీటర్ల దాకా పరిగెడుతుంది. ఆ పరుగులో నలుగురు కాయక్‌లు వేసుకుని ఆడుకుంటున్నారు. మావయ్య చాలాసేపు చూసి, కారెక్కేదాకా ఏమీ అనలేదు. ఎక్కాక ఆగలేదు, ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూచున్నా ఆగలేదు. ఎవరి పక్షమూ పట్టకుండా రాస్తానని మాత్రం నేను మాటివ్వలేను.

మావయ్య: ఆ ఎర్ర పడవ పిల్లని చూశావా అమ్మలూ? కెరటం మీద ఎక్కి అలాగే ఉండిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ పోదు. తెడ్డు కూడా పెద్దగా వెయ్యటం లేదు. ఇన్నేళ్లు సముద్రం మీద ఉన్నాను, అలాంటిది చూళ్లేదు.

మేనకోడలు: అది నిలబడిపోయిన అల మావయ్యా. నువ్వు సముద్రం మీద చూసేదాంట్లో అల నడుస్తుంది, నీరు ఉన్నచోటే లేచి పడుతుంది. ఇక్కడ నీరు పరిగెడుతుంది, అల ఉన్నచోటే ఉంటుంది. అడుగున రాతి గట్టు ఉందనుకో, నీరు దాని మీదుగా పల్చబడి, వేగం అందుకుని అవతల లోతులోకి దిగుతుంది. అక్కడ నింపాదిగా ఉన్న నీరు అడ్డొస్తుంది. వచ్చిన జోరు ఎటు పోవాలి? పైకి లేస్తుంది. ప్రవాహం అంత జోరుగా ఉన్నంతసేపూ ఆ అల కదలదు. కాయక్‌ని దాని ఎగువ వాలు మీద నిలబెడితే, వాలు ఎగువకి జారుస్తుంది, నీరు దిగువకి లాగుతుంది. రెండూ సరిపోయినచోట ఆగిపోతుంది.

మావయ్య: సరిపోకపోతే?

మేనకోడలు: ముక్కు నీళ్లలోకి దిగబడుతుంది. లేదంటే అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది.

మావయ్య: అదీ, ఆ మాట ముందు చెప్పాలి. మా మొగలోనూ, గోదారి సముద్రంలో కలిసేచోట, లేస్తాయి అలలు. గోదారి పాటు మీద బయటికి తోస్తూ ఉంటుంది, ఎదురుగా సముద్రం మీంచి గాలి తంతూ ఉంటుంది. రెండూ ఇసక మేట మీద కలిస్తే కెరటం నిట్టనిలువుగా లేచి విరుగుతుంది. ఆ వేళప్పుడు లోపలికి రావాలని చూసినవాణ్ణి సరంగు అనరు. ఐసు కరిగిపోతున్నా సరే, బయటే లంగరేసుకుని నీరు తిరిగేదాకా కూచుంటాం. తప్పించుకోడానికి మేం నేర్చుకున్న చదువుతో మీరు ఎదురెళ్తున్నారు. అదే నాకు మింగుడుపడటం లేదు.

మేనకోడలు: తప్పించుకోవడం అన్నిసార్లూ కుదురుతుందా?

మావయ్య: కుదరనప్పుడు చూసుకుంటాం. కావాలని పోవడం ఏవిటి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోటు రేవులో కట్టేసి ఉంటుంది, చేతిలో పనుండదు. ఆ రెండు నెలల్లో ‘సరదాగా అలా సముద్రంలోకి పోయొద్దాం రండిరా’ అన్నవాడు మా పల్లెలో ఒక్కడు లేడు.

మేనకోడలు: అది నీకు ఆఫీసు మావయ్యా. సెలవు రోజున సరదాగా కోడ్ రాద్దామని నాకూ అనిపించదు.

మావయ్య: మాట బాగుంది. మీ ఆఫీసులో తప్పు చేస్తే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోవుగా. అల్లుడు చెప్పాడు, ఉత్తరాన కెనడాలో ఇలాంటి సందే ఇంకోటి ఉందిట. దాని నడుమ నీటికిందో రాయి. ఓడల్ని ముంచి వందమందికి పైగా పొట్టన పెట్టుకుందిట. పక్క దీవి నుంచి సముద్రం అడుగున సొరంగం తవ్వి, 1,000 టన్నులకి పైగా మందు కూరి, ఆ రాయి తల ఎగరగొట్టేశారుట. బతుకు అటు వెళ్లాల్సొచ్చినవాళ్లు చేసిన పని అదీ. మీరేమో అలాంటి రాళ్లు ఎక్కడున్నాయా అని పటంలో వెతుక్కుంటున్నారు.

(సేమోర్ నారోస్‌లోని రిపుల్ రాక్ సంగతి అది. పేల్చింది 1958 ఏప్రిల్ 5న. ఆయనకి చెప్పింది నేనే. చెప్పినందుకు మా ఆవిడ నా వంక ఎలా చూసిందో ఇక్కడ రాయను.)

మేనకోడలు: ఆ వందమందీ ఎవరు మావయ్యా? సరదాకి వెళ్లినవాళ్లు కాదు. సరుకు చేర్చాలి, జనాన్ని దింపాలి, ఆలస్యమైతే నష్టం. నీరు ఆగేదాకా ఆగే ఓపిక లేకనో, వీలు లేకనో పోయినవాళ్లు. నువ్వు అవసరం అవసరం అంటున్నావు చూడు, మనిషిని తప్పు వేళకి నీళ్లలోకి నెట్టేది అదే. మాకు అవసరం లేదు. అందుకే వేళ ఎంచుకుంటాం.

మావయ్య మజ్జిగ గ్లాసు ఎత్తి తాగి, మళ్లీ పెట్టాడు. ఈ దెబ్బ తగిలిందని నాకనిపించింది. ఆయన మాత్రం దారి మార్చాడు.

మావయ్య: సరే, నేర్చుకో. ఎవరొద్దన్నారు? నీ ఇంటికి కూతవేటు దూరంలో అంత సరస్సు ఉంది. అందులో నేర్చుకోవచ్చుగా?

మేనకోడలు: మొదలెట్టింది అక్కడే. పడవ పక్కకి ఒరిగించడం, తెడ్డు నీటి మీద ఆన్చి పడిపోకుండా ఆపుకోవడం, తిరగబడితే నడుము విసురుతో లేవడం, లేవలేకపోతే బయటికొచ్చి పక్కవాళ్ల సాయంతో మళ్లీ ఎక్కడం. అవన్నీ వచ్చాయి. కానీ సరస్సులో తప్పు చేస్తే నీరు ఊరుకుంటుంది. కదిలే నీరు ఊరుకోదు. వంతెన నడుమ ఆ రాతి దీవి ఉంది కదా, దాని వెనకాల నీరు చూశావా?

మావయ్య: చూడకేం! మధ్యలో నీరు తూర్పుకి పరిగెడుతుంటే, రాయి చాటున నీరు నిదానంగా వెనక్కి వస్తోంది. రెంటికీ నడుమ గీత. గీత కూడా కాదది, మెట్టు. ఒక పక్క నీరు జానెడు ఎత్తుగా ఉంది. ఆ మెట్టు పొడుగునా సుళ్లు పుట్టి, నాలుగు బారలు దిగువకి కొట్టుకుపోయి పూడిపోతున్నాయి. ఒక దుంగ ముక్క వచ్చి సుడిలో నిలువుగా లేచి నిలబడి మునిగింది. ఎక్కడ తేలుతుందా అని చూశాను. నేను చూసినంతసేపూ తేలలేదు.

మేనకోడలు: మేం నేర్చుకునేదంతా ఆ మెట్టు దగ్గరే. రాయి చాటు నుంచి బయల్దేరి ముక్కు గీత దాటిందంటే, ప్రవాహం ముక్కుని పట్టుకుని దిగువకి తిప్పేస్తుంది. వెనక భాగం ఇంకా నింపాది నీళ్లలోనే ఉంటుంది. ఆ క్షణంలో భయపడి ఎగువకి వాలితే అయిపోయినట్టే. నీరు ఎగువ అంచు మీదకి ఎక్కి తొక్కేస్తుంది. దిగువకి ఒరగాలి, ఎగువ అంచు మోకాలితో పైకెత్తి పట్టాలి. ఒళ్లు ఒప్పుకోదు. పడబోయే వైపుకే వాలమంటే ఎవరొప్పుకుంటారు? దాన్ని ఒంటికి అలవాటు చెయ్యాలంటే ఆ గీత కావాలి. సరస్సులో ఆ గీత ఎక్కడ దొరుకుతుంది?

మావయ్య: (కొంచెం ముందుకి జరిగి) అది నిజం. మా దగ్గర కొత్త కళాసీకి మొదట చెప్పేదీ అలాంటిదే. వడి నీళ్లలో లంగరు తాడు పక్కన కట్టకురా, ముక్కుకే కట్టు అంటాం. పక్కన కట్టావా, నీరు అడ్డంగా కొట్టి ఎగువ అంచుని కిందకి లాగేస్తుంది. బోటు ఎంత పెద్దదైనా సరే.

మేనకోడలు: అదే లెక్క.

మావయ్య: మరి అవతలికి ఎలా దాటతారు? నీరు మీకంటే జోరుగా పోతుంటే?

మేనకోడలు: ఎదురు పోం. సీ కాయక్‌ని ఆగకుండా నడిపితే మూడు నాలుగు నాట్లు వెళ్తుంది, అంతే. ఎనిమిది నాట్ల నీటిని ఎవరూ గెలవలేరు. పైగా నీటి వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకని ముక్కు ఎగువకి పెట్టి, కొంచెం అవతలి ఒడ్డు వైపు ఏటవాలుగా తిప్పి, తెడ్డు వేస్తూ ఉంటాం. నీరే పక్కకి నెట్టుకుపోతుంది.

మావయ్య: నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు దాటినట్టు.

మేనకోడలు: అవును. చిన్నప్పుడు పంటులో కూచుని ‘రేవు అక్కడుంటే వీడేంటి ఎగువకి పోతున్నాడు’ అనుకునేదాన్ని. ఇక్కడికొచ్చి డబ్బు కట్టి నేర్చుకోవాల్సొచ్చింది.

ఇద్దరూ నవ్వారు. కాసేపు వాదన పక్కకిపోయి, చల్లమిరపకాయల గిన్నె రాతి దీవి అయింది, చెంచా కాయక్ అయింది, బల్ల మీద ఒలికిన మజ్జిగ ప్రవాహం అయింది. మావయ్య చెంచాని ఎన్ని కోణాల్లో తిప్పాడో! గిన్నె చాటులోకి దూరేటప్పుడు ముందే తిరగాలా, దూరాక తిరగాలా అని అడిగాడు. దూరాక, గీత దాటే దాకా జోరు తగ్గించకుండా వెళ్లి అప్పుడు తిరగాలని ఆవిడ చెప్పింది. ఆయనకి ఈ విద్య నచ్చిందని నాకు అప్పుడే అర్థమైంది. నచ్చడం వేరు, మేనకోడల్ని పంపడం వేరు.

మావయ్య: నీటి సంగతి సరే, చలి మాట చెప్పు. ఆ వంతెన దగ్గరే, రోజారియో ఒడ్డున ఇందాక నీళ్లలో చెయ్యి పెట్టాను. వేళ్లు కొంకర్లు పోయాయి. మా సముద్రం గోరువెచ్చన, పడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తేలినవాళ్లున్నారు. ఇందులో పడితే?

మేనకోడలు: ఏడాది పొడుగునా పది డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. మానిటోబా యూనివర్సిటీలో గీస్‌బ్రెక్ట్ అనే ఆయన చలినీళ్లలో మనుషులకి ఏమవుతుందో పరీక్షలు చేసి చూశాడు. ఒకటి, పది, ఒకటి అని గుర్తుపెట్టుకోమంటారు. మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగపోస్తుంది. ఆ నిమిషం తల నీటిపైన ఉంచుకోవాలి. తరవాత పది నిమిషాలు చేతులు చెప్పినట్టు వింటాయి. ఏం చేసుకున్నా అందులోనే. స్పృహ తప్పడానికి ఇంకో గంట పడుతుంది. చలికి చచ్చిపోయారంటాం కానీ, చాలామంది అంతదాకా రారు, మొదటి నిమిషంలోనే నీళ్లు మింగేస్తారు. అందుకే డ్రైసూట్ లేకుండా మా టీచర్ ఎవర్నీ దిగనివ్వదు.

మావయ్య: సూటూ బూటూ ఉన్నవాళ్లే పోలేదా?

మేనకోడలు: పోయారు. గినో వాట్కిన్స్ అని ఇంగ్లిష్ అన్వేషకుడు, గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్‌ల దగ్గర కాయక్ విద్య నేర్చుకున్నాడు. తిరగబడి లేవడం కూడా. 1932లో సీల్ వేటకి ఒక్కడే వెళ్లాడు. ఖాళీ కాయక్ దొరికింది, అతను దొరకలేదు. 25 ఏళ్లు.

మావయ్య: నా మాటే నువ్వు చెప్తున్నావు.

మేనకోడలు: కాదు, నా మాటే. ఒక్కడే వెళ్లాడు. అదీగాక వేటకి వెళ్లాడు, తిండి కోసం. ఇంకోటి విను, ఇది నిజంగా నీకు పనికొచ్చేది, అయినా చెప్తాను. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లో లైమ్ బే అనే చోట ఎనిమిదిమంది స్కూలు పిల్లలు, ఒక మాస్టారు, ఇద్దరు శిక్షకులు కాయక్‌ల మీద బయల్దేరారు. సుళ్లు లేవు, ఇలాంటి సందూ కాదు. ఒడ్డు మీంచి సముద్రం వైపు గాలి వీస్తోంది, అంతే. ఒడ్డు దగ్గర అలాంటి గాలికి నీరు చదునుగా, మంచిగా కనిపిస్తుంది. లోపలికి నెట్టేశాక తెలిసింది. ఒకరి తరవాత ఒకరు తిరగబడ్డారు. నలుగురు పిల్లలు పోయారు. ఆ శిక్షకులకి ఉన్న అర్హత సముద్రానికి చాలేది కాదు. దాని తరవాతే 1995లో పిల్లల సాహస శిక్షణ కేంద్రాలకి చట్టం తెచ్చారు. చంపింది ఉద్ధృతమైన నీరు కాదు మావయ్యా, నెమ్మదిగా కనిపించిన నీరు.

మావయ్య: మాస్టారు పక్కనుండగా పోయారు పిల్లలు. నువ్వూ టీచరు టీచరు అంటున్నావు.

మేనకోడలు: అందుకే టీచరుకి ఏం వచ్చో ముందు కనుక్కున్నాను. నీకు ఎవరు నేర్పారు?

మావయ్య: మా నాన్న. మొగలోకి తీసుకెళ్లలేదు. ఒడ్డున కూచోబెట్టి, బయట లంగరేసుకున్న బోటులో కూచోబెట్టి, చూడరా అన్నాడు. ఏ తిథికి ఎక్కడ విరుగుతోంది, మేట ఎటు జరిగింది, ఏ గాలికి ఏం చేస్తోంది. చూడ్డమే చదువు. ఏళ్ల తరబడి చూశాక అప్పుడు చుక్కాని ఇచ్చాడు.

మేనకోడలు: చూసిన అందరూ బతికారా? మీ మొగలో ఎంతమంది పోయారు?

మావయ్య: లెక్క అడక్కు.

మేనకోడలు: తిరగబడ్డాక ఏం చెయ్యాలో వాళ్లలో ఎవరైనా ముందే సాధన చేశారా? ఒక్కసారైనా, పగటిపూట, పక్కన ఇంకో బోటు కాపలా ఉండగా?

మావయ్య: ఈత అందరికీ వచ్చు. లైఫ్ జాకెట్లూ ఉండేవి బోటులో. ఇంజన్ మీద వాన పడకుండా కప్పేవాళ్లం.

ఎవరూ ఏమీ అనలేదు. నేను టీ పెట్టడానికి లేచాను. వంటింట్లోంచి కూడా మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఈసారి మొదలెట్టింది ఆయనే, గొంతు మార్చి. మీదకి రావడానికి కాదు, తెలుసుకోడానికి అడుగుతున్న గొంతు.

మావయ్య: నువ్వు లేవలేదనుకో. పక్కవాడు అందలేదనుకో. నీరు నిన్ను ఎటు తీసుకుపోతుంది?

మేనకోడలు: ఇవాళ లాంటి రోజునా? తూర్పుకి. పోటు మీద నీరు లోపలికి వెళ్తుంది. వంతెన దాటాక సందు వెడల్పయి, నీరు పరుచుకుని నెమ్మదిస్తుంది. స్ట్రాబెరీ దీవి వైపు, లేదా కార్నెట్ బే వైపు కొట్టుకుపోతాను. అక్కడ గట్టు ఉంది, బోటు రేవు ఉంది, మనుషులుంటారు. కొట్టుకుపోతూనే పక్కవాళ్లు నా కాయక్ ముక్కు వాళ్ల పడవ మీదకి లాగి, నీరు ఒంపి, నిటారుగా తిప్పి పెడతారు, నేను ఎక్కుతాను. ఎంత దూరం పోయినా నీరు నెమ్మదించే వైపుకే.

మావయ్య: పాటు మీదైతే?

మేనకోడలు: పడమటికి. బయటికి.

మావయ్య: బయటంటే పసిఫిక్ వైపు. ఆ పక్క నుంచి గాలి కూడా వస్తుందిగా?

మేనకోడలు: తరచు వస్తుంది. అప్పుడు నీ మొగలో అయ్యేదే ఇక్కడా అవుతుంది. అలలు ఎత్తుకి ఎత్తు, దగ్గరికి దగ్గర. అందుకే కొత్తవాళ్లకి పాఠం ఎప్పుడూ పోటు మీదే. పైగా ఎనిమిది నాట్ల రోజున కాదు, నాలుగు దాటని రోజు చూసి.

మావయ్య: ఈ మాట ముందే చెప్పి ఉంటే సగం గొడవ తప్పేది. నువ్వేమో లేవడం గురించి చెప్తున్నావు, ఒరగడం గురించి చెప్తున్నావు. నీళ్ల మీద మొదటి ప్రశ్న అది కాదు. నా చేతిలో ఏమీ లేనప్పుడు నేనెక్కడ తేల్తాను? అది తెలిసినవాడు ఏ విద్య నేర్చుకున్నా ఫరవాలేదు.

(నా మొగ్గు ఇక్కడ మావయ్య వైపుకి జరిగింది. మా ఆవిడ చెప్పిన విద్యంతా మనిషి చేసేది. ఈయన అడిగింది నీరు చేసేది. అయితే దానికి జవాబు ఆవిడ దగ్గర సిద్ధంగా ఉందన్న సంగతీ మరిచిపోకూడదు.)

మేనకోడలు: నీరు ఎటు పోతుందో చెప్పే గుర్తులు కూడా నేర్పుతారు. గోధుమరంగు నాచు చూశావుగా, బుల్ కెల్ప్. ఉల్లిగడ్డంత తలకాయ తేలుతూ, ఆకులు జుట్టులాగా పరుచుకుని. ఆ ఆకులు ఎటు వాలితే నీరు అటు. వడి బాగా పెరిగితే తలకాయలు కూడా మునిగిపోతాయి. కెల్ప్ కనబడ్డం మానేసిందంటే బయటికి వచ్చెయ్యమని టీచర్ చెప్తుంది.

మావయ్య: ఆ జుట్టు కథే గదా రోజారియో ఒడ్డున స్తంభం మీద చెక్కింది?

చెక్కింది ఆ కథే. సామిష్ జాతివాళ్లది. కో-క్వాల్-ఆల్‌వూట్ అనే పిల్ల గుల్లలు ఏరుకుంటుంటే నీటిలోంచి ఒక చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. సముద్రపు దేవుడు పెళ్లి చేసుకుంటానన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. చేపలు పడటం మానేశాయి, ఊటలు ఎండిపోయాయి. చివరికి ఏడాదికొకసారి వచ్చి కనబడాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. వచ్చినప్పుడల్లా ఆమె ఒంటి మీద గుల్లలు పెరుగుతూ ఉండేవి, ఒడ్డున ఉండటం ఆమెకి కష్టమయ్యేది. ఇక రానక్కర్లేదని వాళ్లే వదిలేశారు. ఆ సందులో ఊగే కెల్ప్ ఆమె జుట్టేనంటారు. 1983లో నిలబెట్టిన ఆ స్తంభానికి ఒకపక్క పిల్ల, రెండోపక్క గుల్లలు పట్టిన పిల్ల. మావయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

మావయ్య: ఆ తండ్రి షరతు పెట్టాడు చూడు. అదీ పద్ధతి. నేనూ పెడతాను. పట్టిక తియ్యి.

ఆవిడ ఫోనులో ప్రవాహాల పట్టిక తీసింది. పోటూ పాటూ వేళలు కాదు, నీరు ఆగే వేళలూ, ఉద్ధృతంగా ఉండే వేళలూ. ఇక్కడ రెంటికీ పొంతన ఉండదు. ఒడ్డున నీరు ఇంకా పెరుగుతూ ఉండగానే సందులో ప్రవాహం దిశ మార్చుకుని ఉండొచ్చు. మావయ్యకి ఇది కొత్త. ఆయన అలవాటుగా తిథి లెక్క వేశాడు. అష్టమి కాబట్టి నీరు మెత్తగా ఉండాలన్నాడు. పట్టికలో ఒక పాటు మెత్తగానే ఉంది, రెండోది లేదు.

మేనకోడలు: ఇక్కడ తిథి ఒక్కటే చాలదు మావయ్యా. రోజుకి రెండు పోట్లు వస్తాయి కానీ రెండూ ఒక ఎత్తువి కావు. చంద్రుడు భూమధ్యరేఖకి ఎంత ఉత్తరానో దక్షిణానో ఉన్నాడన్నదాన్ని బట్టి ఆ తేడా పెరుగుతుంది. జూన్‌లో, డిసెంబర్‌లో మరీను. మన దగ్గర ఒకటిన్నర మీటరు అటూ ఇటూ లేచే నీరు సియాటిల్‌లో మామూలుగానే మూడు మీటర్లు దాటుతుంది.

మావయ్య: అంటే పంచాంగం చూసి చెప్తే మునిగేవాళ్లం. సరే, ఆ లెక్క నీదే పైచెయ్యి. గాలి ఉందా ఇందులో?

మేనకోడలు: ఉండదు. అది ఆ పొద్దున్నే చూసుకోవాలి.

మావయ్య: ఎవరు చూస్తారు?

మేనకోడలు: టీచరూ చూస్తుంది, మేమూ చూస్తాం. అక్టోబర్‌లో మా బ్యాచ్‌ని మొదటిసారి పాటు మీద తీసుకెళ్తుంది. గాలి లేని రోజు చూసి, నీరు ఆగడానికి గంట ముందు. అంటే కొట్టుకుపోయినా, కాసేపట్లో ప్రవాహం సద్దుమణుగుతుంది.

మావయ్య: ఆ పొద్దున పడమటి గాలి ఉందనుకో. అందరూ సూట్లు తొడుక్కుని నిలబడ్డారు. డబ్బు కట్టేశారు. ఇద్దరు మూడు గంటలు కారు నడుపుకుని వచ్చారు. టీచరు ‘ఫరవాలేదు, తగ్గుతుందిలే’ అంది. నేను రానని నువ్వు చెప్పగలవా?

మేనకోడలు: చెప్పగలననే అనుకుంటున్నాను. ఇంతవరకూ చెప్పాల్సి రాలేదు.

మావయ్య: ఇందాక అవసరం మీకు లేదన్నావు. ఇదేమిటి మరి?

మేనకోడలు: (కొంచెం ఆగి) నువ్వు చెప్పావా ఎప్పుడైనా? యజమానికి?

మావయ్య: చెప్పాను. ఒకసారి చెప్పి తిట్లు తిన్నాను. ఇంకోసారి చెప్పి ఆ బోటే మానుకోవాల్సొచ్చింది. ఆ తరవాత మీ అత్తయ్య చెల్లెలి పెళ్లి పెట్టుకున్నాం, చేతిలో పైసా లేదు. మొగ విరుగుతోంది. యజమాని ఫోన్ చేసి లారీ వచ్చి నిలబడిందన్నాడు. లోపలికి తెచ్చేశాను.

మేనకోడలు: ఏమైంది?

మావయ్య: ఏమీ కాలేదు. రెండు కెరటాలు వెనకనుంచి ఎక్కాయి, ఐసు పెట్టె కొట్టుకుపోయింది, అంతే. వచ్చేశాం. ఆ రోజునుంచి కుదరదని చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ‘మొన్న తెచ్చావుగా’ అనేవాడు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

టీ చల్లారిపోతోందని నేను గుర్తుచేశాను. ఇద్దరూ వినిపించుకోలేదు. ఆవిడ ఫోను ఆయనవైపు జరిపింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, శనివారం గడి మీద వేలు పెట్టి అంకెలు చదివాడు. నీరు ఆగే వేళ, తిరిగే వేళ, గరిష్ఠం మూడున్నర నాట్లు, తూర్పుకి.

మేనకోడలు: అయితే ఒప్పుకున్నట్టేనా?

మావయ్య: శనివారం పోటుకి ఒప్పుకున్నాను. అక్టోబర్ పాటుకి ఒప్పుకోలేదు.

మేనకోడలు: అక్టోబర్‌కి నువ్వు ఊళ్లో ఉంటావు కదా.

మావయ్య: ఫోనుంది. ఆ పొద్దున గాలి ఎటో చెప్పకుండా దిగావంటే మీ అమ్మతో చెప్తాను. రాసుకో అల్లుడూ, పోటుకి ఒప్పుకున్నది ఒక కాగితం మీద, పాటుకి ఒప్పుకోనిది ఇంకో కాగితం మీద. రెండూ కలిపి రాసేవు, రేపు నేను ఒప్పుకున్నానంటుంది.